కెమెరాకు అటూ ఇటూ – 4వ భాగం: వంద సినిమాల షరతు

పోయిన భాగం సావిత్రి దగ్గర ఆగింది. 1968లో ‘చిన్నారి పాపలు’తో ఆమె దర్శకత్వంలోకి దిగడం, సంగీతం పి. లీలకు అప్పగించి వీలైనన్ని శాఖల్లో ఆడవాళ్లనే పెట్టుకోవడం, ఆ కథనే మరుసటేడు ‘కుళందై ఉళ్ళం’ పేరుతో తమిళంలో తీయడం చూశాం. ‘చిరంజీవి’, ‘మాతృదేవత’ దాటి 1971లో ‘ప్రాప్తం’ దాకా వచ్చాం. తెలుగులో జనం నెత్తిన పెట్టుకున్న ‘మూగమనసులు’ని శివాజీ గణేశన్‌తో తమిళంలో తీసి ఆమె ఎంత పోగొట్టుకుందో చెప్పుకున్నాం. అంతకు ముందటి భాగం భానుమతిది. ‘చండీరాణి’ని 1953లో మూడు భాషల్లో ఒకేసారి తీసిన మనిషి ఆమె.

ఇద్దరికీ ఉన్న తేడా ఒకటి గుర్తు పెట్టుకుని ముందుకు పోదాం. భానుమతి వెనక భరణీ సంస్థ ఉంది, సినిమా నిర్మాణం ఆనుపానులు తెలిసిన భర్త రామకృష్ణ ఉన్నాడు. సావిత్రి వెనక ఉన్నది సావిత్రే. నష్టమొస్తే ఇల్లూ వాకిలీ, నగా నట్రా ఆమెవే పోవాలి. పోయాయి. నటి దర్శకురాలైతే ఏమవుతుందో చూడండని వేలెత్తి చూపించడానికి మద్రాసుకు ఒక ఉదాహరణ దొరికింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో హీరోయిన్ ఇంట్లో తన మనసులో మాట చెప్పింది. నేనూ డైరెక్ట్ చేస్తానంది. భర్త వెంటనే సరే అనలేదు. ముందు వంద సినిమాల్లో నటించు, ఆ తర్వాత చూద్దాం అన్నాడు. ఈ సంగతి ఆమె తర్వాతి కాలంలో ఇంటర్వ్యూల్లో నవ్వుతూ చెప్పుకునేది. ఆమె విజయనిర్మల. భర్త కృష్ణ.

పైకి చూస్తే భార్య ముచ్చటను మెల్లగా వాయిదా వేసిన మాటలా ఉంటుంది. నాకలా అనిపించదు. మార్కెట్ లెక్క తెలిసినవాడి మాట అది. హీరోయిన్ దర్శకత్వం మొదలుపెట్టిందని తెలిస్తే బయటి నిర్మాతలు వేషానికి పిలవడం తగ్గిస్తారు. సెట్లో మన డైరెక్టరు మాట వింటుందా, షాటు ఎలా తీయాలో తనే చెబుతుందా అన్న శంక మొదలవుతుంది. వంద సినిమాలంటే వంద సెట్లు, పదుల కొద్దీ దర్శకులు, మూడు భాషలు. సినిమా స్కూలుకు వెళ్లే వీల్లేని ఆడపిల్లకు అంతకంటే పెద్ద స్కూలు లేదు. పైగా అంతదాకా సంపాదన ఆగదు. సావిత్రికి ఇలాంటి షరతు పెట్టినవాళ్లు ఎవరూ లేకపోయారు.

ఇంతకీ ఈ విజయనిర్మల ఎవరు?

అసలు పేరు నిడుదవోలు నిర్మల. గుంటూరు సీమలోని నరసరావుపేట మూలాలున్న కుటుంబం, మద్రాసులో స్థిరపడింది. తండ్రిది సినిమా రంగమే. అందుకని స్టూడియో గేటు ఆ పిల్లకు కొత్త కాదు. 1950లో వచ్చిన ‘మచ్చ రేఖై’ అనే తమిళ సినిమాలో పసిపిల్లగా కనిపించింది. 1957లో ఎన్టీఆర్ సొంత సంస్థ తీసిన ‘పాండురంగ మహత్యం’లో బాలకృష్ణుడి వేషం వేసింది. నెమలి ఈక పెట్టుకున్న ఆ చిన్ని కృష్ణుడు ఆడపిల్ల అని చాలామంది ప్రేక్షకులకు చాన్నాళ్లు తెలియదు.

హీరోయిన్‌గా నిలబెట్టింది మాత్రం తెలుగూ కాదు, తమిళమూ కాదు. 1964లో మలయాళంలో ‘భార్గవీ నిలయం’ వచ్చింది. వైకం మహమ్మద్ బషీర్ తన కథకు తనే స్క్రీన్‌ప్లే రాశాడు. పాడుబడ్డ ఇంట్లో దిగిన ఒక రచయిత, ఆ ఇంట్లో చనిపోయిన భార్గవి అనే అమ్మాయి ఆత్మతో మాట్లాడుతూ ఆమె కథ రాయడం ఇతివృత్తం. తెల్లచీరలో, విరబోసుకున్న జుట్టుతో విజయనిర్మల భార్గవిగా నటించింది. ప్రేమ్ నజీర్, మధు ఆమె పక్కన ఉన్నారు. దర్శకుడు ఎ. విన్సెంట్. అప్పటికి ఆయన పేరున్న కెమెరామన్, దర్శకుడిగా అదే మొదటి సినిమా. మన కథకు ఇది ముఖ్యం. సెట్లో ఒక శాఖ మనిషి గీత దాటి దర్శకుడి కుర్చీలో కూర్చోవచ్చని ఈ అమ్మాయి హీరోయిన్ అయిన తొలి రోజుల్లోనే కళ్లారా చూసింది.

పేరుకు ముందు ‘విజయ’ చేరడం ఆ తర్వాతి ముచ్చట. విజయా వారు తమ ‘షావుకారు’ని 1965లో ‘ఎంగ వీట్టు పెణ్’గా తమిళంలో తీశారు. తాపీ చాణక్య దర్శకుడు. మరీ పీలగా ఉంది, ఈ పిల్లేం హీరోయిన్ అని సెట్లో ఒక పెద్ద నటుడు పెదవి విరిచాడట. ఇక తన పని అయిపోయిందని నిర్మల ఇంట్లో కూర్చుంటే, సంస్థ మాత్రం ఆమెనే ఉంచింది. అప్పటికే నిర్మల పేరుతో మరో నటి ఉండటం వల్లా, అవకాశమిచ్చిన సంస్థ మీద కృతజ్ఞత వల్లా ఆమె విజయనిర్మల అయింది.

1966లో బి.ఎన్. రెడ్డి ‘రంగులరాట్నం’. మరుసటేడు బాపు ‘సాక్షి’. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. బి.ఎన్. రెడ్డి అంటే వాహినీ సంప్రదాయం. సెట్టు, లైటు, మాట విరుపు అన్నీ కుదిరేదాకా ఓపిగ్గా కూర్చునే పెద్దమనిషి. బాపుకు అదే మొదటి సినిమా. ముళ్లపూడి వెంకటరమణ రాతతో, చేతిలో పెద్ద డబ్బు లేకుండా, స్టూడియో అంతా వదిలేసి గోదావరి గట్టున పులిదిండి అనే ఊళ్లో మకాం వేశాడు. తీయబోయే షాటు ముందే బొమ్మగా గీసుకోవడం ఆయన పద్ధతి. ఎండే లైటు, ఊరే సెట్టు. మొహాన రంగు పూసుకోకుండా కెమెరా ముందు నిలబడటం అప్పటి హీరోయిన్లకు అంత తేలికైన పని కాదు. అక్కడే పక్కన హీరోగా ఉన్నవాడు ‘తేనెమనసులు’, ‘గూఢచారి 116’లతో అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న కృష్ణ.

పులిదిండి గుడిలో సినిమా కోసం ఇద్దరికీ పెళ్లి జరిపించారు. ఈ దేవుడు మహిమ గలవాడు, మీకు నిజంగానే పెళ్లవుతుంది చూడండని రాజబాబు ఆటపట్టించాడని ఇద్దరూ తర్వాత చెప్పేవాళ్లు. 1969లో తిరుపతిలో పెళ్లయింది. ఇద్దరికీ అది రెండో పెళ్లి. ఆమెకు అప్పటికే నరేశ్ అనే కొడుకున్నాడు. కృష్ణకు ఇందిరాదేవితో కుటుంబం ఉంది. దీని చుట్టూ అప్పటి సినిమా పత్రికలు చాలా కాగితం ఖర్చు చేశాయి. మనం ఖర్చు చేయనక్కర్లేదు.

ఆ పెళ్లి వల్ల దర్శకురాలికి ఒరిగిందేమిటన్నదే మనకు కావాల్సింది. కృష్ణకు తమ్ముళ్లు హనుమంతరావు, ఆదిశేషగిరిరావులతో కలిసి పద్మాలయా సంస్థ ఉంది. మొదటి సినిమా ‘అగ్నిపరీక్ష’ పోయింది. రెండోది 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’. ఆరుద్ర రాసిన కథను పట్టుకుని, కె.ఎస్.ఆర్. దాస్‌ను దర్శకుడిగా పెట్టి, యూనిట్టును రాజస్థాన్ ఎడారికి తీసుకుపోయి గుర్రాలూ తుపాకులతో కౌబాయ్ సినిమా తీశారు. విజయనిర్మలే హీరోయిన్. మరుసటేడు కృష్ణ సినిమాలు 18 విడుదలయ్యాయి. ఒక్క ఏడాదిలో పద్దెనిమిది! అంటే రోజుకు మూడు షిఫ్టులు. ఒక స్టూడియోలో పోలీసు, మధ్యాహ్నం ఇంకో స్టూడియోలో పల్లెటూరి బుద్ధిమంతుడు, రాత్రి మరోచోట గూఢచారి. కారులోనే భోజనం, కారులోనే నిద్ర.

ఆ ఇంట్లో మాటలన్నీ కాల్షీట్ల గురించే నడిచి ఉంటాయని ఊహించడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. నైజాం వాళ్లు ఎంత ఇస్తామన్నారు, సీడెడ్ ఎవరు కొన్నారు, ఏ సెట్టు ఎన్నాళ్లు ఖాళీగా పడి ఉంది, ఎవరి అడ్వాన్సు ఎక్కడ ఇరుక్కుంది. సావిత్రికి చుట్టూ నటన తెలిసినవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. విజయనిర్మల చుట్టూ సినిమాను సరుకుగా చూడటం తెలిసినవాళ్లు ఉన్నారు. ఈ మాట నేను చిన్నచూపుతో అనడం లేదు. మూడో దర్శకురాలు నిలబడటానికి మొదటి కారణం ఇదే అని నా నమ్మకం.

రెండో కారణం వయసు. 1970ల మొదట్లో తెలుగు తెర మీద వాణిశ్రీదే రాజ్యం. విజయనిర్మల పెద్ద హీరోయిన్లలో ఒకతే గాని ఆ పీట ఆమెది కాదు. ముప్పై దగ్గరపడుతున్న నటికి ముందున్న దారి అక్కడ అందరికీ తెలుసు. వదిన వేషం, ఆ తర్వాత అమ్మ వేషం. పక్కన నిన్నటిదాకా డ్యూయెట్ పాడిన హీరో మాత్రం యాభై దాటినా కాలేజీ కుర్రాడే. 1972లో వచ్చిన ‘పండంటి కాపురం’ చూడండి. అందులో విజయనిర్మల ఉంది, ఆమె కొడుకు నరేశ్ బాలనటుడిగా ఉన్నాడు, ఆమె బంధువుల పిల్ల సుజాత తొలిసారి కెమెరా ముందుకొచ్చింది. ఆ సుజాతే మూడు నాలుగేళ్లలో జయసుధగా హీరోయిన్ల వరసలో ముందుకు వచ్చేసింది. తర్వాతి తరాన్ని చేయి పట్టుకుని సెట్టుకు తెచ్చిన మనిషికి తన తరం ఎన్నాళ్లో లెక్క తెలియకుండా ఉంటుందా?

వంద సినిమాల లెక్క ఎవరైనా వేళ్లు మడిచి చూశారో లేదో గాని, 1973 వచ్చేసరికి షరతు తీరిపోయింది.

మొదటి అడుగు మద్రాసు తెలుగువాళ్ల కళ్లెదుట వేయలేదు. తనను హీరోయిన్ చేసిన మలయాళానికే వెళ్లింది. ‘కవిత’ పేరుతో సినిమా తీసి, ప్రధాన పాత్ర తనే వేసింది. మలయాళంలో ఒక స్త్రీ దర్శకత్వం వహించిన మొదటి సినిమాగా ఇప్పటికీ దాని పేరే చెబుతారు. పూవచ్చల్ ఖాదర్ అనే కవి పాటల రచయితగా వెండితెరకు వచ్చిందీ ఆ సినిమాతోనే. తర్వాత మలయాళంలో పెద్ద దర్శకుడైన ఐ.వి. శశి ‘కవిత’కు పనిచేశాడు. అసలు పనంతా ఆయనదేనన్న గుసగుస అక్కడ ఇప్పటికీ ఉంది. ఆడది కుర్చీలో కూర్చుంటే కుర్చీ వెనక మగవాణ్ణి వెతకడం ఒక్క కేరళ అలవాటే కాదు. అసిస్టెంట్ల కష్టం మీద పేరు తెచ్చుకున్న మగ దర్శకుల గురించి మాత్రం ఈ వెతుకులాట పెద్దగా వినిపించదు.

అదే ఏడాది తెలుగులో ‘మీనా’ వచ్చింది.

దీని దగ్గర కాస్త ఆగాలి. యద్దనపూడి సులోచనారాణి నవలలకు అప్పుడున్న గిరాకీ ఈ తరానికి చెప్పినా అర్థం కాదు. అద్దె లైబ్రరీల్లో పుస్తకం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతూ అట్టలు ఊడిపోయేది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక గంట సేపు నవల, ఆ వారం వచ్చిన పత్రికలో సీరియల్ – మధ్యతరగతి ఇల్లాలికి అదే తన సొంత సమయం. రైల్వే ఉద్యోగాల కోసం బిలాస్‌పూర్ వైపు వచ్చి స్థిరపడ్డ తెలుగు ఇళ్లకు ఈ నవలలు ఊరి నుంచి వచ్చే చుట్టాల సంచుల్లో పచ్చళ్ల సీసాలతో పాటు చేరేవి. బిలాస్‌పూర్ దగ్గర్లో మేముండే ఈ బోద్రీలో ఆ తరం అమ్మమ్మలను కదిపితే సినిమా కంటే ముందు నవల పేరు చెబుతారు.

నిర్మాతలు ఈ గిరాకీని ఎప్పుడో పసిగట్టారు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. ఆమెదే ‘ప్రేమనగర్’ 1971లో విడుదలై కనకవర్షం కురిపించింది. యద్దనపూడి ‘జీవన తరంగాలు’ కూడా 1973లోనే సినిమాగా వచ్చింది. రాసింది ఆడవాళ్లు, చదివింది ఆడవాళ్లు, మ్యాట్నీకి వెళ్లిందీ ఆడవాళ్లే. డైరెక్ట్ చేసింది మాత్రం ఆదుర్తి సుబ్బారావు, కె.ఎస్. ప్రకాశరావు, తాతినేని రామారావు. ‘మీనా’తో ఆ గొలుసులో చివరి కొక్కెం కూడా ఆడమనిషి చేతికి వచ్చింది.

కథ ఇప్పటివాళ్లకూ పరిచయమైనదే. 2016లో ‘అ ఆ’ వచ్చినప్పుడు పాత పాఠకులంతా ఇది మా మీనా కదా అన్నారు. పట్నంలో తల్లి అదుపాజ్ఞల కింద ఊపిరాడని అమ్మాయి పల్లెలో చుట్టాలింటికి వస్తుంది. అక్కడి పాడీ పంటా, పొద్దున్నే ముగ్గూ, ఇంటినిండా మనుషులూ, తన పని తాను చేసుకుపోయే బావ – ఆమెకు తన ఇష్టమేమిటో తనకే మొదటిసారి తెలుస్తుంది. పెద్ద మలుపులు లేవు. ఫైట్లకు చోటు లేదు. గూఢచారిగా, కౌబాయ్‌గా పేరు మోసిన కృష్ణను ఇందులో కుదురుగా కూర్చోబెట్టింది దర్శకురాలు. ఆ ధైర్యాన్ని చాలామంది గుర్తించరు. మార్కెట్టులో మాస్ హీరోగా అమ్ముడుపోతున్న భర్తను, భార్య తన మొదటి తెలుగు సినిమాలోనే నెమ్మదైన మనిషిగా చూపించింది. జగ్గయ్య, ఎస్. వరలక్ష్మి లాంటి పాతకాపుల్ని పక్కన పెట్టుకుంది. రమేశ్ నాయుడు సంగీతం. శ్రీరామనవమి పందిళ్లలో ఇప్పటికీ మైకుల్లో వినిపించే ఆరుద్ర పాటొకటి ఆ సినిమాలోదే.

మీనా పాత్ర వేసిందీ విజయనిర్మలే. అసలు కష్టం అక్కడుంది.

ఇప్పట్లా సెట్టు మూలన మానిటర్ ఉండే రోజులు కావవి. షాటు ఎలా వచ్చిందో ఆ క్షణాన చూడగలిగినవాడు కెమెరా కంటికి కన్ను ఆనించిన ఆపరేటర్ ఒక్కడే. మామూలు దర్శకుడు కనీసం కెమెరా పక్కన నిలబడి నటుల ముఖాలు చూస్తాడు. నటించే దర్శకురాలికి ఆ వీలూ లేదు. లైట్లు పెట్టేదాకా తన జాగాలో ఇంకొకర్ని నిలబెట్టాలి. నేల మీద సుద్దగీతలు గీయించాలి. ఫ్రేములో ఏది ఉంది, ఏది పోయింది అని కెమెరాలోంచి చూసుకోవాలి. తర్వాత మేకప్ సరిచేయించుకుని, పరుగున వెళ్లి ఆ గీత మీద నిలబడి, ఇప్పటిదాకా లైట్‌బాయ్‌తో మాట్లాడిన గొంతును మింగేసి మీనా అయిపోవాలి. కట్ చెప్పడానికి కూడా పాత్రలోంచి బయటికి రావాలి. అయ్యాక కెమెరామన్ ముఖం చూడాలి. ఆయన ఓకే అంటే ఓకే. నిజం తెలిసేది నెగెటివ్ ల్యాబుకు వెళ్లి, కడిగి, రషెస్ వేసుకున్నప్పుడు. అప్పటికి సెట్టు పీకేసి ఉంటే తిరిగి తీయడానికి లేదు.

తనను తాను డైరెక్ట్ చేసుకున్న ఎన్టీఆర్‌కూ ఇదే తంటా. కానీ ఎలా వచ్చిందని ఎన్టీఆర్ అడిగితే, బాగా లేకపోతే లేదని చెప్పాల్సిన భయం కెమెరామన్‌కు ఉంటుంది. ఆడ దర్శకురాలు అడిగితే, మేడం ముఖం చిన్నబుచ్చుకుంటుందేమోనని ఓకే అనేసే మొహమాటం ఉంటుంది. ఇది అంతకంటే ప్రమాదం. అందుకే విజయనిర్మల తన చుట్టూ మనుషుల్ని మాటిమాటికీ మార్చలేదు. సంగీతానికి రమేశ్ నాయుడు ఆమె దగ్గర వరసగా పనిచేయడం చూస్తాం. అలవాటైన మనుషులు అబద్ధం చెప్పరు.

ఖర్చు సంగతీ చెప్పాలి. కలర్ ఫిల్ము దిగుమతి సరుకు. అడుగు అడుగుకీ లెక్క. బాగా కుదరలేదు, ఇంకోసారి అన్న ప్రతిసారీ నిర్మాత గుండెలో రాయి పడేది. పది మంది దర్శకుల దగ్గర పనిచేసిన నటికి ఏ షాటుకు రీటేక్ అవసరమో, ఏది ఎడిటింగ్‌లో సర్దుకుపోతుందో ఒంటికి పట్టి ఉంటుంది. చెప్పిన రోజుకు సినిమా చేతిలో పెట్టడం విజయనిర్మలకు మొదటి నుంచీ అబ్బిన గుణం. విమర్శకులు దీన్ని గుణంగా లెక్కపెట్టరు. డిస్ట్రిబ్యూటర్లు లెక్కపెట్టారు.

‘మీనా’ ఆడింది. ఇక 1974.

ఆ ఏడాదిని కృష్ణ జీవితంలో ఒకే సినిమా ఆక్రమించింది. అల్లూరి సీతారామరాజు కథ తీయాలని ఎన్టీఆర్‌కు ఎంతోకాలంగా కోరిక. ముందు తీసేసింది కృష్ణ. షూటింగ్ సగంలో ఉండగా దర్శకుడు వి. రామచంద్రరావు కన్నుమూశాడు. మిగిలింది కృష్ణే భుజాన వేసుకున్నాడు, పోరాటాల భాగం కె.ఎస్.ఆర్. దాస్ చూశాడు. మే 1న, తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రంగా, కృష్ణకు నూరో చిత్రంగా అది విడుదలై తెలుగునాడంతా ఊగిపోయింది. విజయనిర్మల అందులో సీత. ఎన్టీఆర్‌కూ కృష్ణకూ మధ్య చాన్నాళ్లు మాటలు లేకుండా పోవడానికి ఆ సినిమా కారణమైంది.

ఆ ఊపు మీద విజయనిర్మల ఎంచుకున్న కథ ఏమిటో తెలుసా? ‘దేవదాసు’.

ఎందుకు ఎంచుకుందని ఇప్పటికీ తల పట్టుకునేవాళ్లున్నారు. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన ‘దేవదాసు’ తెలుగువాళ్లకు సినిమా కాదు, ఇంట్లో జరిగిన విషాదం. అక్కినేని దగ్గు, సావిత్రి చూపు, సి.ఆర్. సుబ్బరామన్ బాణీలు మూడు తరాలకు కంఠోపాఠం. ఒక నాయకుడి కోట మీదికి అప్పుడే వెళ్లి వచ్చిన దంపతులు, ఏడాది తిరగకముందే రెండో నాయకుడి కోట మీదికి వెళ్లారు. కృష్ణ దేవదాసు, విజయనిర్మల పార్వతి, జయంతి చంద్రముఖి.

ఆమె వైపు నుంచీ చూద్దాం. పాత సినిమా తెలుపూ నలుపూ. ఇరవై ఏళ్లు గడిచాయి. రంగుల్లో, కొత్త నటులతో, కొత్త తరానికి మళ్లీ చెప్పవచ్చు. హిందీలోనూ సైగల్ తర్వాత దిలీప్ కుమార్ వేయలేదా? శరత్ నవల ఎవరి సొత్తూ కాదు. లెక్కగా చూస్తే తప్పేం లేదు. లెక్కకు అందనిది ఒక్కటుంది. దిలీప్ కుమార్ ‘దేవదాస్’ వచ్చేనాటికి సైగల్ లేడు. ఇక్కడ అక్కినేని ఉన్నాడు, ఇంకా హీరోగానే ఉన్నాడు. అంతకంటే ముఖ్యం, ఆ పాత సినిమా డబ్బాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

1974 డిసెంబరులో కొత్త ‘దేవదాసు’ వచ్చింది. పాత ‘దేవదాసు’ని కూడా మళ్లీ థియేటర్లలోకి దించారు. కొత్త సినిమాకు ప్రత్యర్థిగా దాని తల్లే ఎదురొచ్చి నిలబడింది. ఒకే ఊళ్లో రెండు గోడల మీద రెండు పోస్టర్లు. రమేశ్ నాయుడు పాటలకు పేరొచ్చింది. కొత్త పార్వతిని తప్పుపట్టినవాళ్లు కూడా తక్కువే. జనం మాత్రం పాత హాలు ముందే క్యూ కట్టారు. ఇందులో ఒక చేదు సంగతి ఉంది. జనం వెతుక్కుంటూ వెళ్లిన ఆ పాత పార్వతి సావిత్రి. తెర మీద ఆమెకు చప్పట్లు కొడుతున్న రోజుల్లోనే, బయట ఆమె ఆస్తులు పోగొట్టుకుని చిన్నాచితకా వేషాలకు ఒప్పుకుంటోంది.

దర్శకురాలిగా విజయనిర్మలకు అది మొదటి దెబ్బ. కృష్ణకూ అప్పటి నుంచే గడ్డుకాలం పట్టుకుంది. అల్లూరిని చూసిన కళ్లకు ఆయన ఏ వేషం వేసినా ఆనలేదు. వరసగా సినిమాలు పోయాయి. బయటి నిర్మాతలు వెనక్కి తగ్గారు. చివరికి పి. చంద్రశేఖరరెడ్డి చేత పద్మాలయా వారు ‘పాడిపంటలు’ తీయించారు. 1976 సంక్రాంతికి సినిమా వచ్చింది, కృష్ణ మళ్లీ నిలబడ్డాడు. హీరోయిన్ విజయనిర్మలే.

సావిత్రి కథకు, ఈ కథకు దారులు చీలిపోయిన చోటు ఇదే. ‘ప్రాప్తం’ పోయినప్పుడు సావిత్రికి తర్వాతి సినిమా లేదు. ‘దేవదాసు’ పోయినప్పుడు విజయనిర్మలకు నటిగా వేషాలున్నాయి, ఇంట్లో సంస్థ ఉంది, ఆ నష్టాన్ని మోయడానికి నాలుగు భుజాలున్నాయి. వాటితో పాటు మొండితనమూ ఉంది. ఒక్క దెబ్బకు కుర్చీ వదిలేసి మేకప్ గదికి తిరిగి వెళ్లిపోయినా ఆమెను ఎవరూ ఏమీ అనేవారు కాదు. వెళ్లలేదు. 1976లోనే ‘దేవుడే గెలిచాడు’ తీసింది. మలయాళ ‘కవిత’ను తెలుగులోకి తెచ్చింది. మరుసటేడు ‘పంచాయితి’.

కృష్ణ లేకపోతే విజయనిర్మల లేదన్న మాట అప్పుడే మొదలైంది, ఇప్పటికీ ఉంది. అందులో నిజం లేదనను. కృష్ణ కాల్షీటు దొరకడమంటే సగం సినిమా అమ్ముడైనట్టే. అయితే కృష్ణ కాల్షీటు అందుకున్న మగ దర్శకులు ఎంతమంది లేరు? వాళ్లలో ఎందరు రెండో సినిమాకు, మూడో సినిమాకు నిలిచారు? ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే కృష్ణ లేకుండా ఆమె తీసిన సినిమాలు చూడాలి. అలాంటివీ ఉన్నాయి. 1978లో ‘రౌడీ రంగమ్మ’గా తనే గరిటె బదులు కర్ర పట్టింది.

వచ్చే భాగంలో రంగమ్మతోనే మొదలుపెడదాం. అక్కినేనిని, కృష్ణను ఒకే ఫ్రేములో నిలబెట్టిన ‘హేమాహేమీలు’, రజనీకాంత్‌ను తెచ్చుకున్న ‘రామ్ రాబర్ట్ రహీమ్’, ‘కిలాడి కృష్ణుడు’తో తెలుగుకు ఆమె పరిచయం చేసిన పద్నాలుగేళ్ల విజయశాంతి, ‘ప్రేమ సంకెళ్లు’లో హీరోగా నిలబెట్టిన సొంత కొడుకు – అన్నీ వరసగా వస్తాయి. తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు మూటాముల్లె సర్దుకుంటున్న రోజులవి. 44 సినిమాల దాకా సాగిన ఆ లెక్క 2002లో గిన్నిస్ పుస్తకానికి ఎలా ఎక్కిందో, అందులో ఎన్నిటిని ఇవాళ కూర్చుని చూడగలమో కూడా అప్పుడే తేల్చుకుందాం.

(సశేషం)